బర్రె ఎంత తింటోందో కొలవడం ఎలా? మేత పరిశోధనలోకి రావాలనుకునే పిల్లలకు

పశుపోషణలో, అంటే పశువుల మేత మీద, ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) చేయాలనుకునే పిల్లలు నన్ను ముందుగా అడిగేది "ఏ టాపిక్ తీసుకోమంటారు మేడమ్?" అని. టాపిక్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ ఊళ్లో ఒక పాడిబర్రెను చూసుకుని అది రోజుకు ఎంత తింటోందో మీ చేతుల్తో కొలుచుకుని రండి అంటాను. కొందరు వస్తారు, చాలామంది రారు. వచ్చినవాళ్ల నోట్‌బుక్ చూస్తే ఈ పని వాళ్ల ఒంటికి పడుతుందో లేదో నాకు తెలిసిపోతుంది.

మాది పొదిలి దగ్గర మెట్ట ఊరు. జొన్న చొప్ప, కంది పొట్టు, వాన బాగా పడిన ఏడు కాసిని పచ్చగడ్డి మోపులు, ఇదీ మా పశువుల మేత. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకుని, ఉద్యోగమంతా పాడిపశువుల మేత మీదే చేసి, ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాను. ఇన్నేళ్లలో నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. పాల గురించి రైతు చెప్పే లెక్క దాదాపు సరిగ్గానే ఉంటుంది, ఎందుకంటే రోజూ రెండు పూటలా కేంద్రంలో కొలిచి పోస్తున్నారు. మేత గురించి చెప్పేది మాత్రం అంచనా. ఒక మోపు, రెండు కట్టలు, నాలుగు చేటల దాణా. అదైనా పెట్టిన లెక్కే, తిన్న లెక్క ఎవరి దగ్గరా ఉండదు. ఆ తిన్న లెక్క తెలియకుండా ఏ దాణా సలహా ఇచ్చినా గాల్లో ఇచ్చినట్టే. అందుకే కొలిచే పద్ధతి మొదటి నుంచి చెప్తాను. మీ బడిలో, కాలేజీలో ల్యాబ్ లేకపోయినా ఇందులో చాలావరకు చేయొచ్చు.

ఏ పశువును తీసుకోవాలి

మొదటిసారి కొలిచేవాళ్లు ఈని రెండు నెలలు దాటి, ఐదు నెలలు నిండని బర్రెనో, జెర్సీ సంకరజాతి ఆవునో తీసుకోండి. ఈనిన కొత్తలో తిండి రోజురోజుకూ మారుతుంది. చూడి నిండాక కడుపులో దూడ చోటు తీసుకుంటుంది. ఆ రెండు దశలూ చేయి తిరిగాక చూడొచ్చు. నట్టల మందు వేసి నెల దాటి ఉండాలి. జ్వరం, పొదుగు వాపు ఉండకూడదు. ఎదకొచ్చిన రోజు పశువు మేత సరిగ్గా ముట్టదు. ఆ రోజు లెక్కను కొట్టేయకండి, పక్కన 'ఎద' అని రాసి అలాగే ఉంచండి.

మీకు ఒంగోలు ఆవు దొరికితే ఇంకా మంచిది. గుండ్లకమ్మ, మూసి నదుల నడుమ పెరిగిన ఈ జాతి 'నెలోర్' పేరుతో బ్రెజిల్ వెళ్లి అక్కడ మాంసం పశువుల్లో ముఖ్యమైన జాతి అయింది. అక్కడి పరిశోధకులు ఒకే బరువుతో, ఒకే రకంగా ఎదిగే పశువుల్లో ఏది తక్కువ తింటోందో ఒక్కో పశువుకూ విడివిడిగా కొలుస్తున్నారు. అది పుట్టిన మన జిల్లాల పిల్లలు ఆ పనికి దిగితే చూడాలని నాకు చాలా కోరిక.

ముందు పశువు బరువు

బరువు తెలియకపోతే తిండి లెక్కకు అర్థం లేదు. ఊళ్లో పశువుల కాటా ఉండదు కాబట్టి టైలర్ టేపు చాలు. పొద్దున్నే మేత, నీళ్లు పెట్టకముందు, నాలుగు కాళ్ల మీద సమంగా నిలబెట్టండి. ముందుకాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోండి. తర్వాత భుజం ఎముక మొన నుంచి పిరుదు ఎముక మొన దాకా పొడవు తీసుకోండి. చుట్టుకొలతను దాంతోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 76 అంగుళాలు, పొడవు 54 అంగుళాలు అనుకోండి. 76ను 76తో గుణిస్తే 5,776. దాన్ని 54తో గుణిస్తే 3,11,904. 660తో భాగిస్తే దాదాపు 473 కిలోలు. నేనైతే 470 అని వేసుకుంటాను, టేపుతో అంతకు మించిన కచ్చితత్వం రాదు. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. పశువు తల వంచితే, ఒక కాలు ముందుకేస్తే అంకె మారిపోతుంది.

కాటా, తొట్టి, మోకు

50 కిలోల దాకా తూగే వేలాడదీసే డిజిటల్ కాటా ఒకటి కొనండి. దాన్ని కొట్టంలో దూలానికి కట్టి, ఒక గోనెపట్టాకు నాలుగు మూలలా తాళ్లు వేసుకుంటే మోపులు, కట్టలు తూచుకోవచ్చు. దాణాకు, తేమ శాంపిళ్లకు గ్రాముల్లో చూపే చిన్న కాటా వేరే కావాలి. రోజూ పని మొదలుపెట్టే ముందు కిరాణా కొట్టు నుంచి తెచ్చుకున్న 5 కిలోల తూకపురాయి తగిలించి చూడండి. బ్యాటరీ తగ్గితే కాటా తప్పు చూపుతుంది, మనకు తెలియను కూడా తెలియదు.

పక్క పశువు మూతి ఈ తొట్టిని అందుకోకూడదు. దీని మోకు కూడా పక్క తొట్టి దాకా సాగకూడదు. కోళ్లు దాణా ఏరుకుంటాయి, మేకపిల్లలు పచ్చగడ్డి లాగుతాయి, వాటికి ఏదో ఒక అడ్డం కట్టాలి. తొట్టి కింద పాత టార్పాలిన్ పరిస్తే కింద పడ్డ మేత కూడా తూకంలోకి వస్తుంది.

కొలత మొదలుపెట్టకముందు పశువుకు అదే మేత, అదే పాళ్లలో, అదే వేళకు రెండు నుంచి మూడు వారాలు పెట్టాలి. మొదటి కడుపులో ఉండే సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడటానికి అంత టైమ్ పడుతుంది. అలవాటు పడకముందు తీసిన అంకెలు పాత మేతవీ కావు, కొత్త మేతవీ కావు. ఆ తర్వాత వరసగా ఏడు రోజులు కొలవాలి. పరిశోధన కేంద్రాల్లోనూ మామూలుగా 21 రోజుల్లో చివరి వారమే లెక్కలోకి తీసుకుంటారు.

మిగిలిందే అసలు విషయం

ఈ పని అంతటిలో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టేది ఇక్కడే. పొద్దున ఆరింటికి పాలు తీశాక మేత తూచి వేశారనుకోండి. మర్నాడు పొద్దున అదే వేళకు, కొత్త మేత వేయకముందు, తొట్టిలోనూ కిందా మిగిలిందంతా ఎత్తి తూచాలి. వేసిన మేత మొత్తంలో 5 నుంచి 10 శాతం మిగిలేలా వేయాలి. తొట్టి నాకేసి శుభ్రంగా కనిపించిందంటే పశువు ఎంత తినగలదో మీరు కొలవలేదు, మీరు ఎంత వేశారో దాన్నే కొలిచారు. ఆ రోజు అంకె పశువుది కాదు, మీది. మరుసటి రోజు మేత పెంచి మళ్లీ చూడండి.

దర్శి వైపు ఒక ఊళ్లో రెండు బర్రెలున్న ఒక పెద్దమ్మ నాతో, "పెట్టిందంతా తింటది డాక్టరమ్మా, గడ్డిపోచ కూడా మిగల్చదు" అని గట్టిగా చెప్పింది. తెల్లారకముందే వెళ్లి కొట్టంలో కూర్చుంటే సంగతి తెలిసింది. ఊడ్చే ముందు ఆమె కోడలు తొట్టిలో మిగిలిన చొప్ప మొదళ్లన్నీ ఎత్తి పక్కనున్న వట్టిపోయిన బర్రె ముందు వేస్తోంది. అది మంచి పనే, మేత వృథా కావడం లేదు. కానీ పాలిచ్చే బర్రె తొమ్మిది కిలోల చొప్ప తింటోందని ఆ ఇంట్లో అందరూ నమ్ముతున్నారు. తూచి చూస్తే ఆరు కిలోలు కూడా లేదు. "పెద్దమ్మా, ఈ వారం ఆ మిగిలింది నాకు తూచుకోనివ్వు" అంటే, "తూచుకో తల్లీ, దానికేం భాగ్యం" అంది. ఏడు రోజులూ తనే ఎత్తి సంచిలో పెట్టి ఉంచింది. ఊళ్లో కొలతలు ఇలాంటి మనుషుల వల్లే నడుస్తాయి. వాళ్లు రోజూ ఏం చేస్తున్నారో ముందు కూర్చుని చూడండి, తర్వాతే కాటా తీయండి.

మిగిలిన మేతను తూచి పారేయకండి, చేత్తో విప్పి చూడండి. పశువు ఆకు తిని కాడ వదిలేస్తుంది. అందుకే మిగిలినదాని నాణ్యత వేసినదానికన్నా తక్కువ. వేసిన మేత శాంపిల్ ఒక్కటే పరీక్ష చేసి లెక్క కడితే, పశువు నిజంగా తిన్న మాంసకృత్తులు తక్కువగా కనబడతాయి. రెండింటి శాంపిళ్లూ వేరువేరుగా తీయాలి. కంకి వేసిన జొన్నలో లావు మొదళ్లు, నల్లరేగడి ఊళ్ల శనగ పొట్టులో మట్టి, ముల్లు ఎలా మిగులుతాయో అప్పుడే తెలుస్తుంది. నెల్లూరు జిల్లా కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు యంత్రంతో చుట్టిన వరిగడ్డి కట్టల్లో తేమ ఉండిపోయి లోపల బూజు పడుతుంది. అలాంటి కట్ట విప్పినప్పుడు పశువు ముక్కు పెట్టి వెనక్కు తిరుగుతుంది. అది కూడా మీ నోట్‌బుక్‌లో ఉండాలి. మిగులు ఎక్కువగా ఉన్న రోజు పశువుకు జబ్బు అనుకునే ముందు ఆ కట్ట వాసన చూడండి.

కుడితిని చాలామంది మేత లెక్కలో రాయరు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, అందులో వేసిన తవుడు, మిగిలిన అన్నం, అన్నీ మేతే. తవుడు వేరే తూచి కలపమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. అన్నం వేస్తే అదీ రాయమనండి.

బయట మేసే పశువును తొట్టితో కొలవలేం. దానికి పేడ దారి ఉంది. రోజంతా పడిన పేడ ఎత్తి తూచి, అందులో పొడి పదార్థం ఎంతో చూసి, మేత జీర్ణమయ్యే శాతం తెలిస్తే తిన్నది వెనక నుంచి లెక్క కట్టొచ్చు. పేడ 20 కిలోలు, అందులో పొడి పదార్థం 18 శాతం అంటే 3.6 కిలోలు. మేత 58 శాతం జీర్ణమవుతుందంటే 42 శాతం పేడలోకి వచ్చినట్టు. 3.6ను 0.42తో భాగిస్తే 8.6 కిలోల పొడి మేత. జీర్ణశాతం తెలుసుకోవడానికి ల్యాబుల్లో క్రోమిక్ ఆక్సైడ్ లాంటి అరగని గుర్తు పదార్థాలో, మేతలోనే ఉండే లిగ్నిన్ అనే అరగని గట్టి పదార్థాన్నో వాడతారు. ఈ పని గైడ్ పక్కన ఉండగా నేర్చుకోవాల్సింది.

తేమ తీసేసి చూడాలి

పచ్చగడ్డి 15 కిలోలు, వరిగడ్డి 5 కిలోలు తిన్నది అంటే ఏది ఎక్కువ తిన్నట్టు? తేమ తీసేస్తే పచ్చగడ్డి మూడు కిలోలు, వరిగడ్డి నాలుగున్నర. అందుకే లెక్కలన్నీ పొడి పదార్థంలోనే రాయాలి. ఇంట్లో మైక్రోవేవ్ ఉంటే 100 గ్రాముల పచ్చగడ్డిని అంగుళం ముక్కలుగా కోసి పళ్లెంలో పరవండి. ఒక మూల గ్లాసు నీళ్లు పెట్టండి, లేకపోతే గడ్డి మాడుతుంది. రెండు నిమిషాలు పెట్టి తూచండి, తర్వాత ఒక్కో నిమిషం పెడుతూ తూచండి. వరసగా రెండుసార్లు బరువు మారకపోతే అయినట్టు. 20 గ్రాములు మిగిలితే పొడి పదార్థం 20 శాతం. పొగ వచ్చిందంటే ఆ శాంపిల్ పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. ల్యాబ్ ఓవెన్ ఉంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా ఉంచితే సరిపోతుంది. లేత సూపర్ నేపియర్ పచ్చగడ్డికీ ముదిరినదానికీ చాలా తేడా ఉంటుంది కాబట్టి కోత మారిన ప్రతిసారీ కొత్తగా తీయండి. ఉమ్మితో తడిసిన మిగులుకు కూడా తేమ తీయడం మర్చిపోకండి.

ఒక రోజు లెక్క

పైన చెప్పిన 470 కిలోల బర్రెనే తీసుకుందాం. రోజుకు 8 కిలోల పాలు, వెన్న 7 శాతం. వరిగడ్డి 8 కిలోలు వేస్తే రెండున్నర మిగిలింది, తిన్నది 5.5 కిలోలు, 90 శాతం పొడి పదార్థం లెక్కన 4.95. పచ్చగడ్డి 15 కిలోలు మొత్తం తిన్నది, 3 కిలోలు. దాణా 4 కిలోలు, 3.6. మొత్తం 11.55 కిలోల పొడి మేత. బరువులో 2.46 శాతం. పాడిపశువులు మామూలుగా బరువులో 2 నుంచి 3 శాతం తింటాయి కాబట్టి ఇది నమ్మదగ్గ అంకె. మీకు 4 శాతం వచ్చిందంటే ఎక్కడో మిగులు తూకం పోయింది. ఒకటిన్నర శాతం వచ్చిందంటే కుడితి మర్చిపోయి ఉంటారు, లేదా పశువు ఒంట్లో బాగాలేదు.

పాలను కూడా ఒకే కొలమానంలోకి తేవాలి. బర్రెపాలు ఎనిమిది కిలోలంటే ఆవుపాలు ఎనిమిది కిలోలతో సమానం కాదు. పాల బరువును 0.4తో, అందులోని వెన్న బరువును 15తో గుణించి కలిపితే 4 శాతం వెన్నతో సమానమైన పాలు వస్తాయి. ఇక్కడ 3.2కు 8.4 కలిపితే 11.6 కిలోలు. ఎనిమిది కిలోలిచ్చే బర్రెకు మేత ఎందుకంత కావాలో ఈ అంకె చెబుతుంది.

ఎందుకు ఆపేస్తుంది

ఎంత తిన్నదో తెలిశాక, అక్కడే ఎందుకు ఆపేసింది అనే ప్రశ్న వస్తుంది. పరిశోధన మొదలయ్యేది అప్పుడే. ఈ ప్రశ్న మీద జీవితాలు గడిపినవాళ్లున్నారు.

1860లలో జర్మనీలోని వీండే కేంద్రంలో మేతలోని పీచును వేరు చేసి కొలిచే పద్ధతి తయారైంది. వందేళ్లు అందరూ అదే వాడారు, కానీ ఆ పీచు అంకెకూ పశువు తినే మేతకూ సరైన పొంతన కుదరలేదు. 1960లలో అమెరికా శాస్త్రవేత్త పీటర్ వాన్ సూస్ట్ మేతను డిటర్జెంట్ ద్రావణంలో ఉడికించి, కణాల గోడల్లోని పీచు మిగిలేలా చేశాడు. అలా మిగిలిన పీచునే ఎన్‌డీఎఫ్ అంటారు. పశువు కడుపులో చోటు పట్టేది, నెమరు వేయించేది అదే. 1980లలో డేవిడ్ మెర్టెన్స్ అనే మరో అమెరికా శాస్త్రవేత్త దీన్ని లెక్కలోకి దించాడు. పాడి ఆవు తన బరువులో దాదాపు 1.2 శాతం ఎన్‌డీఎఫ్ తినేసరికి కడుపు నిండి ఆగుతుందన్నాడు.

మన బర్రెకు ఇది వేసి చూడండి. వరిగడ్డిలో ఎన్‌డీఎఫ్ 70 శాతం, పచ్చగడ్డిలో 65, దాణాలో 25 అనుకుంటే, 3.47, 1.95, 0.9. మొత్తం 6.3 కిలోలు, బరువులో 1.34 శాతం. మెర్టెన్స్ లెక్క అమెరికా హోల్‌స్టీన్ ఆవులది, గడ్డి మీద బతికే మన బర్రె దాన్ని కొంచెం దాటినా ఆశ్చర్యపోకండి. కానీ ఈ అంకె చూస్తే విషయం తెలుస్తుంది. ఈ బర్రెకు కడుపు నిండింది, బలం మాత్రం నిండలేదు. ఇంకో రెండు కిలోల వరిగడ్డి వేసినా అది మిగులులోకే పోతుంది. ఉన్న గడ్డి తొందరగా అరిగేలా చేయాలి, లేదా దాని స్థానంలో మంచి పచ్చమేత తేవాలి.

కడుపు నిండకుండానే ఆపేసే సందర్భాలూ ఉన్నాయి. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో మైఖేల్ అలెన్ ఏళ్ల తరబడి చేసిన పని దీని మీదే. పాడి ఆవులు ఏ నిమిషంలో తినడం మొదలుపెట్టాయి, ఎంతసేపు తిన్నాయి, ఎంత విరామం ఇచ్చాయి, ఎంతసేపు నెమరేశాయి అని పూట పూటగా కొలిచే కొట్టంలో ఆ పరిశోధన జరిగింది. గింజల పిండి పదార్థం కడుపులో పులిసి ప్రొపియోనేట్ అనే ఆమ్ల పదార్థంగా మారుతుంది. అది రక్తంలో కాలేయానికి చేరి, అక్కడ ఇంధనం మండే వేగం పెరిగితే, ఇక చాలని మెదడుకు కబురు వెళ్తుందని ఆయన వాదన. 2009లో ఆ సిద్ధాంతాన్ని వివరంగా ప్రచురించాడు. రోజు మొత్తం తూకం మాత్రమే చూసేవాళ్లకు ఈ సంగతి ఎప్పటికీ దొరికేది కాదు. మీరు కూడా ఒక రోజు కొట్టంలో కూర్చుని, పశువు ఎన్ని పూటలుగా తింటోందో గడియారం చూసి రాయండి.

ఈనిన కొత్తలో

అలెన్ చెప్పింది మన ఊళ్లలో బాగా పనికొచ్చేది ఈ దశలోనే. ఈనిన పశువుకు పాలు ఒక్కసారిగా పెరుగుతాయి, ఆకలి మాత్రం మెల్లగా పెరుగుతుంది. 2001లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఇచ్చిన సూత్రంలో ఈనిన మొదటి వారానికి గుణకం 0.59, పన్నెండో వారానికి 0.95. అంటే పూర్తి ఆకలిలో మొదటి వారం అరవై శాతం కూడా తినలేదు. 400 కిలోల ఆవు 10 కిలోల పాలిస్తోందనుకుంటే, ఆ సూత్రం ప్రకారం పన్నెండో వారంలో 11.8 కిలోల పొడి మేత, మొదటి వారంలో 7.3. లోటు ఒంట్లో కొవ్వు కరిగి తీరుతుంది. ఆ కొవ్వు కాలేయంలో మండి ఆకలిని ఇంకా తగ్గిస్తుంది. చూడి చివర్లో బాగా కొవ్వెక్కిన పశువు ఈనాక తక్కువ తినడానికి ఇదొక కారణం.

అందుకే ఈనగానే గంపెడు నూకల జావ పోసి బలం వస్తుందనుకోవద్దని అందరికీ చెప్తాను. దాణాను రోజుకు కొంచెం కొంచెం పెంచాలి, పక్కన మంచి గడ్డి ఎప్పుడూ ఉండాలి. పెళ్లిలో మిగిలిన అన్నం తెచ్చి ఒకేసారి పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. కడుపు పులిసి, పశువు మేత పూర్తిగా మానేసి, రెండో రోజుకే పడిపోయిన సందర్భాలు మన జిల్లాల్లో ప్రతి ముహూర్తాల సీజన్‌లోనూ ఉంటాయి. అలా జరిగితే కొలతలు పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌ని పిలవండి.

ఎండ, నీళ్లు

ఒంగోలు, నెల్లూరు ఎండల్లో తీసిన కొలతను సంక్రాంతి నాటి కొలతతో పోల్చకండి. రోహిణి కార్తెలో బర్రె మధ్యాహ్నం మేత వైపు చూడదు. దానికి చెమట గ్రంథులు తక్కువ, పైగా గడ్డి అరిగేటప్పుడు కడుపులో పుట్టే వేడి ఎక్కువ. పగటి మేత తగ్గించి, ఎక్కువ భాగం సాయంత్రం ఏడు దాటాక, తెల్లారకముందు వేయాలి. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు రోజూ రాసుకోండి.

నీళ్లు కూడా బకెట్లతో కొలవండి. పాడిబర్రె వేసవిలో రోజుకు 70, 80 లీటర్లు, ఒక్కోసారి అంతకు మించి తాగుతుంది. నీళ్లు తగ్గితే ఆ రోజే మేతా తగ్గుతుంది. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పదనం ఉంటాయి. అక్కడ మేత బాగానే ఉండి పశువు తినడం లేదంటే ముందు నీళ్లు పరీక్ష చేయించండి.

మార్చి చూడటం

కొలవడం వచ్చాక ఒక్క మార్పు చేసి మళ్లీ కొలవాలి. మన దగ్గర వరిగడ్డికి యూరియా శుద్ధి మంచి మొదటి పాఠం. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి, మొదట కొంచెమే పెట్టి మెల్లగా పెంచాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్ల బకెట్ పశువుకు అందే చోట ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు, అది తాగితే ప్రాణం పోతుంది. ఈ గడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతం నుంచి రెట్టింపు దాకా పెరుగుతాయి, పీచు మెత్తబడి తొందరగా అరుగుతుంది, తినేదీ పెరుగుతుంది. ఒంగోలు చుట్టుపక్కల కాగితం మిల్లుల కోసం వేసే సుబాబుల్ ఆకు కూడా మంచి మేతే. అందులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి.

మార్పుకు ముందు, తర్వాత అని ఒకే పశువు మీద పోల్చితే మోసపోతారు. ఈని నెలలు గడిచేకొద్దీ పాలు వాటంతటవే తగ్గుతాయి, ఆ తగ్గుదలంతా మీ మేత మీద పడుతుంది. పశువులు తక్కువ ఉన్నప్పుడు లాటిన్ స్క్వేర్ పద్ధతి పనికొస్తుంది. నాలుగు పశువులు, నాలుగు మేతలు, నాలుగు దఫాలు. ప్రతి పశువూ ప్రతి మేతా ఒక్కోసారి తింటుంది. దఫాకు 21 రోజులు అనుకుంటే మొత్తం 84 రోజులు. ఈ ప్లాన్ రాసుకోకుండా ఒక్క కట్ట కూడా విప్పకండి. యూనివర్సిటీలో చేసే ప్రయోగమైతే జంతు నైతిక కమిటీ అనుమతి ముందే ఉండాలి.

చదువు సంగతి

పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. మనకు తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు కాలేజీలున్నాయి. తర్వాత పశుపోషణలో ఎంవీఎస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ కనీసం మూడేళ్లు. కర్నాల్‌లోని జాతీయ డెయిరీ పరిశోధన సంస్థ, ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ, బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ సంస్థ, ఈ మూడింటిలో ఎక్కడికి వెళ్లినా మీరు చేసే మొదటి పని మేత, మిగులు తూచడమే. శాస్త్రవేత్త ఉద్యోగానికి ఏఆర్‌ఎస్ (వ్యవసాయ పరిశోధన సర్వీసు) పరీక్ష రాయాలి. గణాంకశాస్త్రం మీద భయం ఇప్పుడే వదిలించుకోండి, లేకపోతే సొంత అంకెలకు వేరేవాళ్లు చెప్పిన అర్థం మీద ఆధారపడాల్సి వస్తుంది.

కొలత అయ్యాక ఆ ఇంటికి మళ్లీ వెళ్లండి. చాలామంది వెళ్లరు, అది నాకు బాధ. తిన్నదెంత, మిగిలిందెంత, దాణాకు ఎంత ఖర్చయింది, పాలకు ఎంతొచ్చింది, రూపాయల్లో ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి. ఆ ఇంట్లో మేత వేసేది ఎవరో వాళ్లనే కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. ఒక్క మార్పు మాత్రమే చెప్పండి. మూడు వారాలు ఆగి మళ్లీ ఏడు రోజులు తూచండి. ఆ రెండో కాగితం కూడా వాళ్లకు ఇచ్చాక, అప్పుడు టాపిక్ గురించి నాతో మాట్లాడండి.